చెక్కుచెదరని అద్దం

"చెక్కుచెదరలేదే!" అన్నాడు ఇంజనీరు సంబరంగా.

బడి మెట్లను మోసే స్తంభం బీటకు అడ్డంగా, కిందటేడు భూకంపం తర్వాత అతను అతికించి వెళ్లిన అద్దం ముక్క అది. స్తంభం వెంట్రుకవాసి కదిలినా ఆ అద్దం పగిలిపోవాలి.

"ప్రమాదం లేదు" అని రాసుకున్నాడు.

"కంటికి రెప్పలా చూసుకున్నా బాబూ," అంది ఆయా. "పగిలితే చాలు, పిల్లలకి గుచ్చుకోకుండా వెంటనే కొత్తది అతికించేస్తున్నా."

అతని పెన్ను ఆగిపోయింది. "ఎన్నిసార్లు పగిలింది?"

"లెక్కెక్కడ! మొదట్లో నేల అదిరితేనే పగిలేది. ఇప్పుడు అదరకపోయినా పగులుతోంది. ఇది పొద్దున పెట్టిందే."

ఇంటికెళ్లే బెల్లు కొట్టారు. మూడంతస్తుల పిల్లలూ దడదడమంటూ మెట్లు దిగసాగారు. అద్దం మీద సన్నటి గీత పాకింది.

"కంగారు పడకండి బాబూ," అంది ఆయా. "ఇంకో డజను తెచ్చిపెట్టా."