ఎనిమిది సీసాలు

“నాకేం రోగం సిస్టర్? రాళ్ళు తిని అరిగించుకునే ఒళ్ళు నాది!” అన్నాడు జాకీ, బస్సు కింద నుంచి తల మాత్రం బయటపెట్టి.

అసలు పేరు వేరే ఉంది. జాకీ లేకుండానే బండి చక్రం లేపేస్తాడని షెడ్డులో అందరూ అలా పిలుస్తారు.

“రోగం ఉందని ఎవరన్నారయ్యా? లేదని తేల్చుకుందాం అంటున్నా,” అంది నర్సమ్మ.

ఆవిడ బాధ ఆవిడది. పోరి పోరి ఆరోగ్య కేంద్రంలో మగవాళ్ళ పరీక్షలకని ఒక గది తెరిపించుకుంది. మూడు వారాలైనా రిజిస్టరులో ఒక్క పేరు పడలేదు. కేంద్రం తెరిచి ఉండేది పది నుంచి నాలుగు దాకా. ఈ మగాళ్ళు బస్సుల కింద దూరి ఉండేదీ సరిగ్గా అప్పుడే. పైగా వరండా నిండా చంటిబిడ్డల తల్లులు. వాళ్ళ మధ్య కూర్చోవాలంటే ఈ మహానుభావులకు నామోషీ. నెలాఖరుదాకా ఇంతే అయితే గది మూసేస్తానని డాక్టరుగారు చెప్పేశారు. వాళ్ళు రాకపోతే తనే పోతానని, షెడ్డులో ఉన్న ఎనిమిది మందికీ ఎనిమిది చిన్న సీసాలు సంచిలో వేసుకుని వచ్చింది.

“రేపు పొద్దున ఇందులో మూత్రం పట్టి తెండి, చాలు. సూది లేదు, నొప్పి లేదు. చక్కెర ఉందో లేదో తెలిసిపోతుంది.”

అంతలో జాకీ భార్య భోజనం సంచితో వచ్చింది. కాలి వేలికి గుడ్డ చుట్టుకుని కుంటుతోంది.

“కాలికేమైందమ్మా?”

“చెప్పు కరిచిందండీ. నాక్కూడా ఓ సీసా ఇస్తారా?”

“ఇవి మగవాళ్ళకమ్మా, లెక్కపెట్టి తెచ్చా. నువ్వు సోమవారం కేంద్రానికి రా.”

“సోమవారం నాకెక్కడ తీరుతుందండీ!” అని నవ్వేసి, ఆమె మంచినీళ్ళ కోసం కుళాయి దగ్గరికి వెళ్ళింది.

నర్సమ్మ గుమ్మం దాటిందో లేదో షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి.

“ఉందని తేలితే? లేనిపోని తలనొప్పి,” అన్నాడు వెల్డరు. “మనలో గట్టిపిండం ఎవరు? జాకీ. ఎనిమిదీ వాడే నింపేస్తే పోలా! అందరికీ లేదనే వస్తుంది. ఆవిడా సంతోషిస్తుంది.”

జాకీ ఒక్క క్షణం తటపటాయించాడు. అందరి కళ్ళూ అతని మీదే ఉన్నాయి.

“ఓస్, ఇంతేనా!” అని మీసం దువ్వి, సీసాలన్నీ భోజనం సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు ఉదయం ఎనిమిది సీసాలూ కేంద్రానికి చేరాయి. మధ్యాహ్నానికి నర్సమ్మ పరుగున వచ్చింది.

“ఎనిమిదింటిలోనూ చక్కెరే! అదీ మామూలుగా కాదు. నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు.”

ఏడు తలలు జాకీ వైపు తిరిగాయి. జాకీ చేతిలో స్పానరు జారి కింద పడింది.

“తిట్టకండి సిస్టర్,” అంటూ వెల్డరు చేతులు నలుపుకుని అసలు సంగతి కక్కేశాడు.

నర్సమ్మ నెత్తి కొట్టుకుంది. “ఇంతింత మీసాలు పెంచారు కదయ్యా, ధైర్యం మాత్రం ఇంతేనా! సరే, పద నాయనా, రక్తం చూడాలి.”

“అది కాదు సిస్టర్, ముందు నేను చెప్పేది...”

“చెప్పేదేం లేదు, నడువ్!” అన్నారు ఏడుగురూ. ఎత్తుకెళ్ళినంత పని చేశారు.

దారి పొడుగునా జాకీ ఒకటే ప్రశ్నలు.

“చక్కెర ఉంటే కళ్ళు పోతాయా సిస్టర్? మా నాన్నకి పుండు మానక కాలు తీసేశారు. ఏడాది తిరక్కుండానే పోయాడు.”

“ఆయన ఆలస్యం చేసుంటాడు. తొందరగా పట్టుకుంటే మాత్రలతో అదుపులో ఉంటుంది. హాయిగా బతకొచ్చు.”

“నిజంగానా? ఒట్టు?”

అంత మనిషి కళ్ళల్లో నీళ్ళు చూసి నర్సమ్మ కోపం కాస్తా కరిగిపోయింది. పాపం, వాడికి మాత్రం ప్రాణం తీపి కాదూ!

ఎవరు కబురు పెట్టారో, భార్య కుంటుకుంటూ వచ్చేసింది. వరండాలో తల్లుల మధ్య బెంచీ మీద కూలబడి, పక్కావిడ ఇచ్చిన సీసాడు నీళ్ళూ గటగటా తాగేసింది. “ఆయనకేమన్నా అయితే నేనేమైపోను!” అని ఒకటే ఏడుపు.

“ఒక్కడికే గుచ్చితే బెదిరిపోతాడు. ముందు నాది చూడండి,” అని వెల్డరు వేలు చాపాడు. అతని వెనక మిగతా ఆరుగురూ. అలా ఖాళీ రిజిస్టరులో ఏడు పేర్లు పడ్డాయి. వెల్డరుకు బీపీ బాగా ఎక్కువుందని తేలి, డాక్టరుగారు మాత్రలు కూడా రాశారు.

ఎనిమిదో పేరు జాకీది. సూది గుచ్చుతున్నప్పుడు అతను వేలి వంక చూడనే లేదు. తలుపులోంచి వరండా వైపే చూస్తున్నాడు.

మిషను మీద అంకె చూసి నర్సమ్మ కళ్ళు నులుముకుంది. ఇంకో వేలు గుచ్చింది. ఇంచుమించు అదే అంకె.

“నూట పది! నీకు చక్కెరా లేదు, బెల్లమూ లేదు. పో!”

షెడ్డు జనం ఈలలు వేశారు. “గట్టిపిండం అని చెప్పలా!” అని వెల్డరు అతని వీపు చరిచాడు. వరండాలో భార్య కళ్ళు తుడుచుకుని నవ్వింది. జాకీ ఒక్కడే నవ్వలేదు.

“మరి ఆ సీసాల్లోకి అంత చక్కెర ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?” అంది నర్సమ్మ.

జాకీ తల దించుకున్నాడు. “మా నాన్న గుర్తొచ్చి నాకు భయమేసింది సిస్టర్...” అన్నాడు.

“సీసాలు నింపింది మా ఆవిడ.”