ఒక్క కిటికీ తప్ప

తేరగా కొత్త కిటికీ వస్తుంటే వద్దనే మనిషిని అసోసియేషన్ సెక్రటరీ అంతవరకు చూడలేదు. అందుకే అనుమానం వచ్చింది. అనుమానించడానికి ఆయనకు పెద్ద కారణాలు అక్కర్లేదు గానీ, ఈసారి నిజంగానే ఉన్నాయి.

ఆ అపార్ట్‌మెంట్లలో కిటికీల సంగతి ఎప్పుడూ పేచీయే. అద్దానికి లోపలి మురికి ఓనరుది, బయటి మురికి అసోసియేషన్‌ది అని తేల్చడానికే రెండు మీటింగులు పట్టాయి. ఒక కుర్చీ కూడా విరిగింది. మొన్నటి గాలివానకు ఎవరిదో కిటికీ ఊడి కింద కారు మీద పడేసరికి ఇన్సూరెన్స్ కంపెనీ మెలిక పెట్టింది. పాత కిటికీలన్నీ మార్చాలి, అప్పుడే బిల్డింగుకు ఇన్సూరెన్స్. ఖర్చు అసోసియేషన్ పెట్టుకుంటుంది. ఒక్క పాత కిటికీ మిగిలినా ఎవరికీ ఇన్సూరెన్స్ లేదు.

అందరూ సరేనన్నారు. నాలుగో అంతస్తు ఆవిడ మాత్రం, "హాల్లో కిటికీ తప్ప మిగతావి తీసుకెళ్లండి," అంది.

ఆవిడ ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ఎవరి జోలికీ పోదు. ఒంటరిది. వచ్చి ఏడాది కూడా కాలేదు.

సెక్రటరీ ముందు బ్రోకరు దగ్గర కూపీ లాగాడు.

"విచిత్రం మనిషండీ. నాలుగైదు కాంప్లెక్సులు తిప్పించింది. అమ్మకానికి లేని ఇళ్లు కూడా చూపించమని ప్రాణం తీసింది. చూస్తే ఏం చూస్తుంది? వంటిల్లు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. కిటికీల దగ్గర నిలబడ్డం, వచ్చెయ్యడం. ఈ ఫ్లాటు ఓనరు అసలు అమ్మనన్నాడు. ఎంతంటే అంత ఇచ్చి కొనుక్కుంది. ఎదురుగా ఏముందని? మీ బ్లాకేగా."

తర్వాత వాచ్‌మన్.

"మగవాళ్లెవరూ రారు సార్. పాలవాడు తప్ప."

"పాలవాడు ఎంతసేపుంటాడు?"

వాచ్‌మన్ నవ్వాపుకోవడానికి గేటు తుడవడం మొదలుపెట్టాడు.

అసలు ముక్క ఇంట్లోనే దొరికింది. సెక్రటరీ బాల్కనీ సరిగ్గా ఆ కిటికీకి ఎదురు.

"రోజూ పనికెళ్లే ముందు కర్టెన్ తీసి, అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడుతుందండీ," అంది ఆయన భార్య. "ఎవరికో సైగ."

"మన బ్లాకులో ఎవరికి?"

"అదే నేనూ అడుగుతున్నా," అంటూ ఆవిడ మొగుణ్ని ఎగాదిగా చూసింది.

ఇక తాడో పేడో తేల్చుకోక తప్పలేదు. మర్నాడు ఉదయమే సెక్రటరీ ఇన్సూరెన్స్ సర్వేయర్ని వెంటబెట్టుకుని నాలుగో అంతస్తుకెళ్లాడు. కిటికీల పనివాళ్లు అప్పటికే తాళ్లు వేలాడేసుకుని మిగతా ఇళ్ల పని మొదలెట్టారు.

ఆవిడ తలుపు తీసింది గానీ దారివ్వలేదు.

"ఆ కిటికీకి ఏమైనా బాధ్యత నాదేనండీ. పగిలినా, ఎవరి మీద పడినా. రాసిస్తాను."

"మీరు రాసిస్తే పడే అద్దం ఆగుతుందా అమ్మా? ఊరికే చూసి వెళ్తాం."

ఆవిడ ఒకసారి వెనక్కి, కర్టెన్ వైపు చూసింది. అయినా పక్కకు జరిగింది.

సెక్రటరీ కర్టెన్ లాగాడు. అద్దం మీద చెయ్యి. పూర్తి అరచెయ్యి అచ్చు. వెడల్పైన మగచెయ్యి, ఉంగరం వేలు సగమే ఉంది.

తీగ దొరికింది, ఇక డొంక కదలడమే తరువాయి అనుకున్నాడాయన.

"ఒక్కరే ఉంటానన్నారు?"

"ఒక్కదాన్నే."

"మరి ఇదెవరిది?"

సెక్రటరీ జేబురుమాలు తీసి అచ్చు మీద రుద్దాడు. పోలేదు. ఊది మళ్లీ రుద్దాడు. ఆవిడ ఆపలేదు, అడ్డుచెప్పలేదు, అలా చూస్తూ నిలబడింది. ఆ నిబ్బరం చూస్తే ఆయన అనుమానం ఇంకా ముదిరింది.

లోపల కాకపోతే బయటిదే. నాలుగో అంతస్తు కిటికీకి బయటనుంచి చెయ్యి ఆనించాడంటే వాడు గోడలెక్కే రకం. సెక్రటరీ తాడు మీదున్న పనివాణ్ని కేకేశాడు. అతను తాడు మీద జారుతూ వచ్చి, తడిగుడ్డతో తుడిచి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

లోపలిదీ కాదు, బయటిదీ కాదు. రెండు మీటింగుల్లో తేల్చిన రూలుకు ఆ చెయ్యి అందలేదు.

సర్వేయర్ టార్చి వేసి ఓరగా చూశాడు.

"రెండు పొరల అద్దం సార్ ఇది. అచ్చు మధ్యలో ఉంది. ఫ్యాక్టరీలో రెండో పొర అతికించేముందు ఎవడో గ్లౌజు లేకుండా ముట్టుకున్నాడు. అసలు ఇలాంటివి తీసి పక్కన పడేస్తారు. చూసుకోకుండా లారీ ఎక్కించేశారు."

సెక్రటరీ చప్పబడిపోయాడు. ఇంట్లో మగాడూ లేడు, గోడెక్కే దొంగా లేడు. భార్యకు ఏం చెప్పాలో కూడా తోచలేదు. ఆ ఉక్రోషం కిటికీ మీదికి మళ్లింది.

"ఎవడో చేతకాని పనివాడి మూలంగా బిల్డింగంతా ఆగాలా? ముందు దీన్నే ఊడదీయండి," అని బయటికి కేకేశాడు. తాడు మీదున్నతను ఫ్రేము స్క్రూల మీద పనిముట్టు పెట్టాడు.

ఆవిడ గబగబా వచ్చి కిటికీకి అడ్డంగా నిలబడింది. వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి, తన వేళ్లు సరిగ్గా ఆ వేళ్ల మీద ఆనించింది.

"ఎవడో కాదండీ, మా ఆయన," అంది, "'ఇవాళ నా చెయ్యొకటి అద్దంలో ఉండిపోయిందోయ్' అని ఫోన్లో నవ్విన సాయంత్రమే ఫ్యాక్టరీలో పోయారు, ఆ అద్దం ఏ ఇంటికెళ్లిందో ఏళ్ల తరబడి వెతుక్కుంటూ వచ్చి ఈ ఇల్లు కొనుక్కున్నాను."