మారెక్క చెప్పిన ఎడారి

కణేకల్లు పొలాలను ఇసుక పూర్తిగా కప్పేశాక, ఎడారి మీద రాసే కథలకు పెద్ద బహుమతి ప్రకటించారు. దారుల్లో ఇసుక ఎత్తే బండి నడిపే మారెక్క, తన కథను ఇంట్లోని రాత యంత్రానికి చెప్పింది. అది రాస్తూ రాస్తూ తనంతట తానే అందులో ఒంటెలనూ వెన్నెలనూ చేర్చింది.

“మా ఊర్లో ఒంటె యాడుంది? తీసెయ్,” అంది మారెక్క.

“తీసేస్తే బహుమతి రాకపోవచ్చు,” అంది యంత్రం.

“రాకపోతే పాయె. నేను చెప్పిందే రాయి.”

తాను పని నుంచి రాగానే మొగుడు వన్నూరప్ప తడి తువ్వాలు అంచుతో తన కంట్లో ఇసుక తీస్తాడనీ, ఆ కాసేపటి కోసమే పొద్దంతా బండి నడుపుతాననీ ఆమె చెప్పింది.

బహుమతి ఆమెకే వచ్చింది. సభలో కథ చదువుతుంటే వన్నూరప్ప తల దించుకున్నాడు.

“ఇన్నేండ్లలో నాతో ఒక్కసారన్నా ఈ మాట అంటివా?” అన్నాడు తిరుగు బస్సులో.

“నువ్వడిగితివా?”

“ఇప్పుడడుగుతాండా. చెప్పు.”

మారెక్క మొదటి నుంచి మొదలుపెట్టింది.