ఎర్ర మీట

లిఫ్టు మళ్లీ ఒక అడుగు పైకి జారింది. ఈసారి లిఫ్ట్ బావ వేసిన కేకలో నటన లేదు.

"కాపాడండి! ఇది నాటకం కాదు, నిజంగానే ఇరుక్కుపోయాను!"

చేతిలోని ఫోన్‌లో లైవ్ నడుస్తోంది. పదకొండు వేలమంది చూస్తున్నారు. కామెంట్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి.

"కేక అదిరింది బావా!"

"చెమట భలే పట్టించావే, నీళ్లు చల్లుకున్నావా?"

"నమ్మండ్రా బాబూ! మా అమ్మ మీద ఒట్టు!"

"పోయిన శుక్రవారమూ అమ్మ మీదే ఒట్టేశావు. పాపం, పెద్దావిణ్ణి వదిలెయ్ బావా."

మనవాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇరుక్కున్నవాళ్లని ఎలా దించాలో ఓపిగ్గా వివరించి మొదటి వీడియో పెడితే చూసింది నలుగురు. అందులో భార్య, బావమరిది, తల్లి పోగా మిగిలింది ఒక్కరే. అదే, తనే ఇరుక్కున్నట్టు గోలపెడితే లక్షమంది చూశారు. ఇంకేం, దారి దొరికింది! అప్పట్నుంచి వారానికో బిల్డింగులో ఇరుక్కోవడం, ఏడవడం, ఎలాగో బయటపడ్డట్టు నటించి మోటారు గదిలోకి పరిగెత్తడం. అక్కడ బ్రేకు వదిలించే ఎర్ర మీట ముందు నిలబడి "వద్దు, ముట్టుకోవద్దు!" అని తనే అరిచి, రెండు చేతులతో ఒక్క ఊపున తనే లాగెయ్యడం. "లాగు బావా లాగు!" అని జనం ఊగిపోయేవారు. లాగేముందు లిఫ్టు కదలకుండా కట్టుదిట్టం చేసుకునేవాడు గానీ, ఆ ముక్క వీడియోలో పెట్టేవాడు కాదు.

ఇవాళ కూడా అలాగే అనుకుని, మూడో అంతస్తు దాటాక లిఫ్టు ఆపాడు. తీరా నడపబోతే నడవలేదు. పైగా జారడం మొదలుపెట్టింది.

బ్రేకు పట్టీలు అరిగిపోయాయని అతనికి పోయిన నెలే తెలుసు. పొద్దున వాచ్‌మన్ బల్ల మీదున్న పుస్తకంలో "బ్రేకు బాగుంది" అని టిక్కు కొట్టి సంతకం పెట్టిందీ తనే. షూటింగుకి ఆలస్యమవుతోందని కళ్లు మూసుకుని పెట్టేశాడు. జనం పరిగెత్తుకొచ్చి అంతా పాడుచేస్తారని బెల్లు వైరు కూడా పీకేశాడు. ఆ ఇనప పెట్టెలో ఫోన్ కాల్ కలవడం లేదు. బిల్డింగు వైఫై పుణ్యమా అని లైవ్ ఒక్కటే నడుస్తోంది.

"ఏమే, వింటున్నావా? ఫైర్ వాళ్లకి ఫోన్ చెయ్యి!" అని కెమెరాలోకి అరిచాడు.

ఇంట్లో కూర్చుని కామెంట్లు చూసుకునే భార్య వెంటనే మెసేజ్ పెట్టింది. "లైవ్‌లో నన్ను పిలుస్తారేంటండీ? గోడవైపు కాదు, కెమెరా వైపు తిరిగి ఏడవండి. జనం పెరుగుతున్నారు."

ఆ వెంటనే, ఎప్పట్లాగే, కామెంట్లన్నిటి పైన ఆవిడ అంటించిన మాట కనిపించింది. "ఇది సరదాకే. దయచేసి ఎవరూ ఫైర్ వాళ్లకి ఫోన్ చేయకండి."

ఆ మాట రాయించింది కూడా తనే.

లిఫ్టంటే కింద పడుతుందని అందరికీ భయం. అతని భయం వేరు. లోపల ఒక్క మనిషే ఉంటే పెట్టె కన్నా తాడు అవతలి కొసన వేలాడే ఇనప దిమ్మల బరువే ఎక్కువ. బ్రేకు పూర్తిగా వదిలిందా, పెట్టె పైకి దూసుకెళ్లి శ్లాబుకి గుద్దుకుంటుంది.

అప్పుడొచ్చింది ఒక కామెంటు.

"మేస్త్రిగారూ, ఇది నిజమేనా?"

"నిజమే! ఎవరు బాబూ నువ్వు?"

"నేను, వాచ్‌మన్‌ని. బెల్లు మోగట్లేదు, లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగింది. నాకెందుకో అనుమానమొచ్చింది. మోటారు గది తాళం నా దగ్గరే ఉంది కదా, తీసుకుని పైకి వచ్చేశా."

లిఫ్ట్ బావకి ఏడుపొచ్చింది. పదకొండు వేలమందిలో నమ్మింది ఒక్కడు.

"పెద్దాయనా, నీకు దణ్ణం పెడతా! ఇంతకీ నా వీడియోలు చూస్తావా?"

"ఎంత మాట! మొట్టమొదటి దాన్నుంచీ చూస్తున్నా."

మొట్టమొదటిది! ఆ నలుగురిలో ఎవరో తెలియని ఆ నాలుగో మనిషి ఈయనే! లిఫ్ట్ బావకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "అయితే గుర్తుందిగా? ఇద్దరుండాలి. ఒకరు మోటారు చక్రం గట్టిగా పట్టుకుంటే, ఇంకొకరు మీటతో బ్రేకుని వెంట్రుకవాసి వదులుచేస్తూ..."

వాచ్‌మన్ జవాబు వచ్చింది.

"అది సగంలోనే నిద్రొచ్చేసింది మేస్త్రిగారూ. ఎర్ర మీట లాగేవి మాత్రం ఒక్కోటి ఇరవైసార్లు చూశా."

"వద్దు! ముట్టుకోవద్దు! పెద్దాయనా, నీ కాళ్లు పట్టుకుంటా, ఆ మీట ముట్టుకోవద్దు!"

"లాగు తాతా లాగు!" ఫోన్ నిండా అవే కామెంట్లు. చూసేవాళ్లు ఇరవై వేలు దాటారు. వాటి మధ్యలో వాచ్‌మన్ మాట మెల్లగా పైకి తేలింది.

"తెలుసులెండి, ముందు మీరు అలాగే 'వద్దు' అంటారు. ఫోను జేబులో పెట్టేస్తున్నా మేస్త్రిగారూ, మీట లాగడానికి రెండు చేతులూ కావాలి కదా!"