ఆకుపచ్చ గీత

"కూర్చో. ఈసారన్నా కాస్త నవ్వు ముఖం పెట్టి చెప్పు," అన్నాడు ఆశిష్, ఫోనును భార్య ముఖానికి ఎదురుగా నిలబెడుతూ.

సుధేష్ణ వంటింట్లో ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్య ఇరికించిన కుర్చీలో కూర్చుంది. డబ్లిన్‌లోని ఆ ఫ్లాట్ కిటికీలు బెత్తెడుకి మించి తెరుచుకోవు.

గొంతు విని, ముఖం చూసి మనిషి మనసెలా ఉందో చెప్పే యాప్ తయారు చేస్తున్నాడు ఆశిష్. ఆఫీసు నుంచి రాగానే దాన్ని ఆమె మీద పరీక్షిస్తాడు. రెండు నెలలుగా ఆమె "నేను బాగున్నాను" అనడం, తెర మీద ఎర్ర గీతతో 'దిగులు' అని రావడం.

"మా ఆఫీసులో శామ్ వాళ్లావిడకి రోజూ పచ్చగీతే వస్తుంది. నీకే ఏం రోగం?"

"దిగులుగానే ఉన్నానేమోనండీ."

"ఎందుకుంటావ్? వెచ్చగా ఇల్లుంది. శనివారం శనివారం షాపింగుకి నేనే తీసుకెళ్తున్నాను. అది బగ్గు. మనిషి మనసు మిషన్‌కేం తెలుస్తుంది, మనం నేర్పాలి గానీ! నిన్నంతా కూర్చుని సరిచేశాను. రేపు మేనేజరు ముందు డెమో, నా పరువు తీయకు."

ఆమె కొంగు సర్దుకుంది.

"అన్నట్టు, డండాక్‌లో ఆ పిల్లల క్రెష్ ఉద్యోగం... నువ్వు రావట్లేదని శుక్రవారమే నీ మెయిల్ నుంచి రాసేశాను."

"చూశానండీ."

"చూశావా? మరి గొడవ చేయలేదే?"

సుధేష్ణ ఫోను వైపు నిటారుగా తిరిగి కూర్చుంది.

"మంచిది. ఎవరి పిల్లలవో ముక్కులు తుడవడానికి ట్రైన్‌లో అంత దూరం వెళ్లాలా? నేను ఒప్పుకోనని ముందే చెప్పాను. ఊ, చెప్పు."

"నేను బాగున్నాను," అంది సుధేష్ణ.

తెర మీద ఆకుపచ్చ గీత మెరిసింది. 'ప్రశాంతం. తొంభై ఏడు శాతం.'

ఆశిష్ ఎగిరి గంతేశాడు. "మళ్లీ! మళ్లీ చెప్పు!"

మళ్లీ చెప్పింది. మళ్లీ పచ్చగీత.

"కొట్టాను దెబ్బ!" ఫోనును ముద్దు పెట్టుకుని, వెంటనే శామ్‌కి కలిపాడు. "మామా, బగ్గు వదిలింది! అంతా గ్రాండ్! మా ఆవిడకే పచ్చగా వచ్చిందంటే ఇక ఎవరికైనా వస్తుంది!"

కోటు తొడుక్కుంటూ ఆమె భుజం తట్టాడు. "బిర్యానీ పట్టుకొస్తాను. రేపు వీడియో కాల్‌లో కూడా అచ్చం ఇలాగే చెప్పాలి. ఏమీ మార్చకు."

"వెళ్లిరండి."

లిఫ్టు తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించింది. సుధేష్ణ లేచి, అలమరలో గిన్నెల వెనక దాచిన సంచీ బయటికి లాగింది. మధ్యాహ్నం తనే స్వయంగా డండాక్ వెళ్లి, ఆ మెయిల్ తను రాసింది కాదని చెప్పి సంతకం చేసిన ఉద్యోగం కాగితమూ, అక్కడ తీసుకున్న అద్దెగది తాళంచెవీ అందులో ఉన్నాయి.