నిచ్చెన ఎక్కని పరుశురాం

"నేనెక్కనన్నా. నాతోని కాదు."

పరుశురాం నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, వెంటనే తీసేశాడు. లైబ్రరీ రీడింగ్ హాల్లో పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు తలలెత్తి చూశారు. పైన తిరగని ఫ్యాను, కింద ఎక్కని ఎలక్ట్రీషియను! నిచ్చెన పట్టుకున్న రాజలింగం గొంతు తగ్గించాడు.

"మెల్లగ మాట్లాడు, ఎవరన్న వింటరు. మెయిన్ నేనే బంద్ చేసిన. మూడుసార్లు పోయి చూసొచ్చిన."

"తెలుసన్నా. అయినా కాళ్లు వణుకుతున్నయ్."

యూనివర్సిటీ ఎలక్ట్రికల్ సెక్షన్లో వాళ్లిద్దరిదీ పన్నెండేళ్ల జోడీ. పరుశురాం పైకెక్కి పని చేస్తాడు. రాజలింగం కింద నిచ్చెన పట్టుకుని మెయిన్ స్విచ్చి చూసుకుంటాడు. పరుశురాం కాంట్రాక్టు మనిషి, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. ఎక్కలేని ఎలక్ట్రీషియన్ని ఎవరుంచుకుంటారు? మూడు రోజులుగా సామాను రాలేదని సూపర్‌వైజరుకు అబద్ధం చెప్పి రాజలింగం నెట్టుకొస్తున్నాడు. నాలుగో రోజు ఆ మాట చెల్లేలా లేదు.

సెక్షన్ గోడ మీద ఒక కాగితం ఉంది. మనసు బాగాలేని సిబ్బంది బుధవారం సాయంత్రం తార్నాకలో కౌన్సెలరును కలవవచ్చట, ఫీజు లేదట, పేరు బయటికి రాదట. ఆ కాగితం అంటించిన రోజు అందరికంటే గట్టిగా నవ్వింది రాజలింగమే. "గాడికి పోతే మెంటల్ అని ముద్ర పడ్తది, పింఛను దాక పోదు" అన్నాడు. ఇప్పుడు అదే కాగితం ముందు నిలబడి, అటూ ఇటూ చూసి, ఫోన్ నంబరు అరచేతిలో రాసుకున్నాడు.

పరుశురాంకు చెబితే ఒప్పుకున్నాడా? లేదు.

"నేనేమన్న పిచ్చోన్నా అన్నా?"

"నీకెవడు రమ్మన్నడురా?" రాజలింగం బుర్ర చురుగ్గా పనిచేసింది. "నాకే. నిద్ర పడ్తలేదు. ఒక్కణ్ణి పోవాలంటే సిగ్గయితున్నది. జర తోడు రా."

"నీకోసమంటే వస్తా."

తన తెలివికి తనే మురిసిపోయాడు రాజలింగం. ముందు తను ఏదో ఒకటి చెప్పి, మెల్లగా తమ్ముణ్ణి ముందుకు తోయాలి. అదీ పథకం.

బుధవారం తార్నాక మెట్రో స్టేషన్ కింద హాస్టల్ మెస్సులో వండే సాలమ్మ ఎదురైంది. "ఇద్దరు గలిసి ఎటు పోతున్నరు?" అంటే, రాజలింగం దవడ పట్టుకుని "పంటి నొప్పి" అన్నాడు. ఆమె లవంగం నూనె రాసుకోమని చెప్పి మరీ కదిలింది. మందుల షాపు పక్క మెట్లు ఎక్కేదాకా ఆయన దవడ మీది చెయ్యి తీయలేదు.

కౌన్సెలర్ వాసంతి మేడం ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "చెప్పండి."

"నిద్ర పడ్తలేదు మేడం." దారి పొడుగునా బట్టీ పట్టిన మాట.

"ఎప్పటినుంచి?"

"జూన్ నుంచి."

"జూన్లో ఏమైంది?"

ఈ ప్రశ్నకు రాజలింగం జవాబు బట్టీ పట్టలేదు. పక్కన పరుశురాం అరచేతిలో కాలిన మచ్చ కనిపించింది. ఇక ఆగలేకపోయాడు.

"వీడు పైన ఉండంగనే మెయిన్ వేసిన మేడం. తొందరపడ్డ. వీడు కిందవడి కండ్లు తెర్వలే. పోయిండనే అనుకున్న. ఇప్పుడు రాత్రి లేచి ఇంట్ల మెయిన్ బంద్ చేస్తా. పండుకుంటే మళ్ల వేసున్నదేమోనని పోతా. మా ఇంటామె భారతమ్మ పాపం చీకట్ల ఉక్కపోతకు విసనకర్ర పట్టుకొని కూసుంటది. ఏమంటలేదు. ఇది పిచ్చేనా మేడం?"

"కాదండీ. భయం. మనిషి మీద ప్రేమ ఉన్నందుకు పట్టుకున్న భయం. తగ్గుతుంది. నాలుగు బుధవారాలు రండి, మాట్లాడుకుందాం. అవసరమైతే డాక్టరుకూ చూపిద్దాం."

మూడు నెలలుగా భార్యకు కూడా చెప్పని మాట అది. చెప్పేశాక రాజలింగం చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పరుశురాం ఆయన వీపు నిమురుతూ కూర్చున్నాడు. కాసేపటికి రాజలింగం ముక్కు తుడుచుకుని, వచ్చిన పని గుర్తొచ్చి గబగబా కుర్చీ ముందుకు జరిపాడు.

"నాది తర్వాత చూడుండ్రి మేడం. అసలు పేషెంటు వీడు. నాకోసమని మాయజేసి తీస్కొచ్చిన. నిచ్చెన చూస్తే వణుకుతున్నడు. వీడి నౌకరి పోతది, పిల్లలు ఆగమైతరు. ఇదంత నా పాపమే. ముందుగాల వీణ్ణి బాగుచెయ్యుండ్రి."

వాసంతి మేడం పరుశురాం వైపు తిరిగింది. అతను తల గోక్కుంటూ, రాజలింగం చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"భారతమ్మ వదిన ఏడ్చుకుంట ఫోన్ చేసిందన్నా. నాకేం భయం లేదు, పొద్దుగాలనే మన సెక్షన్ ఎంకన్నతోని పోయి గ్రౌండుల యాభై అడుగుల లైట్ల టవరెక్కి దిగొచ్చిన. నిన్ను గీడిదాక తీస్కరానీకి నాకింకో తొవ్వ దొరకలే!"