చిన్నోడి మణికట్టు

"ఎముక అతికిందో లేదో తేలకుండా ఆడొచ్చని సంతకం పెట్టను," అంది డాక్టరమ్మ, పెన్నుకి మూత పెట్టేస్తూ.

కోచ్ తల పట్టుకున్నాడు. ఆదివారమే ఫైనల్. పదహారేళ్ల లోపు పిల్లల ఫుట్‌బాల్ పోటీ. జట్టుకున్న ఒక్కగానొక్క గోల్‌కీపరు పక్క కుర్చీలో, కట్టు విప్పిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కోచ్‌కి స్వయానా మేనల్లుడు. గుమ్మంలోంచి వంగి రావాల్సిన మనిషే గానీ, అందరూ 'చిన్నోడు' అనే పిలుస్తారు. వాడు ఆడకపోతే వరసగా ఏడో ఏడు కూడా కప్పు అవతలివాళ్లదే.

"ఎక్స్‌రే బాగానే ఉందన్నారు కదా మేడమ్!"

"ఎక్స్‌రే బాగానే ఉంది. కానీ విరిగింది బొటనవేలి మొదట్లో ఉండే జీడిపప్పంత ఎముక. దానికి రక్తం అందేదే తక్కువ. పైకి అతికినట్టు కనిపించినా లోపల బీట అలాగే ఉండిపోవచ్చు. బంతి గట్టిగా తగిలిందంటే మళ్లీ మొదటికొస్తుంది. సి.టి. స్కాన్ తీస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది. వయసెంత బాబూ?"

చిన్నోడు నోరు తెరిచాడు.

"పదిహేను," అన్నాడు కోచ్.

"అబ్బాయిని చెప్పనివ్వండి."

"వాడికి సిగ్గెక్కువ మేడమ్. కొత్తవాళ్ల దగ్గర నోరు విప్పడు."

చిన్నోడు సిగ్గుపడుతున్నట్టు గడ్డం గోక్కున్నాడు. పొద్దున బ్లేడు గీసుకున్న చోట చురుక్కుమంది.

స్కాన్ గదిలో టెక్నీషియన్ వాణ్ణి బోర్లా పడుకోబెట్టి, చెయ్యి తల మీదుగా ముందుకి చాపించాడు. "అచ్చం గోల్ ఆపుతున్నట్టే ఉండు తమ్ముడూ, కదలకు," అని కోచ్ వైపు తిరిగాడు. "ఆ చిన్న ఎముక వరకూ తీస్తే సరిపోతుంది సార్."

"సరిపోవడాలు గిరిపోవడాలు వద్దు. మణికట్టు మొత్తం రావాలి, ముంజేయి కూడా కొంత రావాలి. అవతలివాళ్లు అసాధ్యులు. సగం బొమ్మ చూపిస్తే నానా రాద్ధాంతం చేస్తారు."

టెక్నీషియన్ డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగాడు. ఆవిడ సరేనంది.

పావుగంటలో బొమ్మలు ఆవిడ తెర మీదికొచ్చాయి. ఒక్కో పొరా జరుపుకుంటూ చూసింది. ఆ బూడిదరంగు మరకల్లో కోచ్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. చేసేదిలేక ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాడు.

"బ్రహ్మాండంగా అతికింది. బీట జాడే లేదు," అంది.

కోచ్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "నే చెప్పలా! మావాడిది ఉక్కు ఎముక!" అంటూ సంతోషం పట్టలేక మేనల్లుడి వీపు మీద ఒక్కటి చరిచాడు. పదకొండు వారాలుగా ఆయనకి కంటినిండా నిద్ర లేదు పాపం.

డాక్టరమ్మ మాత్రం తెర వైపు ఒకసారి, చిన్నోడి గడ్డం వైపు ఒకసారి చూసింది. "చేతికి ఇబ్బంది లేదని రాసిస్తాను. బొమ్మలు మాత్రం మీ దగ్గరే ఉంచుకుంటే మంచిదేమో."

"అదేం కుదరదు మేడమ్! నా చేత్తో పట్టుకెళ్తే ఎవరివో తెచ్చానంటారు. పోటీల కమిటీలో ఒక డాక్టరు గారున్నారు. నేరుగా ఆయనకే పంపించెయ్యండి."

"ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముంది? ఒక్క పొర కూడా వదలకండి!"

"నువ్వేమంటావు బాబూ?"

"మామయ్య ఎలా అంటే అలా," అన్నాడు చిన్నోడు బొంగురు గొంతుతో.

ఆవిడ నిట్టూర్చి పంపించింది.

కోచ్ మెట్లు దిగుతూనే జట్టు మొత్తానికి ఫోన్లు చేసేశాడు. కప్పు ఎక్కడ పెట్టాలో, ఎవరు ఎత్తుకోవాలో కూడా ఖాయమైపోయింది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ టింగుమంది. కమిటీ డాక్టరు గారి దగ్గర్నుంచి. మేనల్లుడి భుజం మీద చెయ్యేసి, కోచ్ పైకే చదివాడు:

"ఎముక చక్కగా అతికింది, అభినందనలు. పక్కనే ముంజేయి ఎముక చివర, ఎదిగే పిల్లలకి ఉండాల్సిన గీత కూడా ఎప్పుడో పూర్తిగా పూడుకుపోయింది. పెద్దవాళ్ల పోటీలు వచ్చే నెలలో ఉన్నాయి, మీవాడి పేరు రాసుకోమంటారా?"